సిరంజిలో నువ్వుల నూనె! మీకు తెలుసా?

మల్కాపురం నుంచి సైకియాట్రీ పోస్టింగ్‌కు బయల్దేరే నర్సింగ్ విద్యార్థులారా, యూనిఫాం ఇస్త్రీ అయిందా? టిఫిన్ బాక్సు సర్దుకున్నారా? అయితే కిటికీ పక్కన సీటు పట్టుకోండి. బస్సు సింధియా దాటి చినవాల్తేరు చేరేలోపు మీ నోట కనీసం ఇరవైసార్లు ‘అమ్మో!’ అనిపించాలని నా పంతం. మొదలుపెడుతున్నా!

మీకు తెలుసా? మీరు వెళ్తున్న చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల 1870ల్లోనే మొదలైంది. ఆంధ్ర వైద్య కళాశాల పుట్టింది 1923లో. అంటే విశాఖలో డాక్టర్లను తయారుచేసే కాలేజీ కంటే మనసుకు వైద్యం చేసే ఆస్పత్రే దాదాపు యాభై ఏళ్ళు పెద్దది. ఇంటికి పెద్దక్క అన్నమాట!

ఆ ఆస్పత్రి తలుపులు తెరిచిన రోజున అక్కడ స్కిజోఫ్రీనియాకు ఎన్ని మందులు ఉండేవో తెలుసా? సున్నా. అసలు ‘స్కిజోఫ్రీనియా’ అన్న మాటే లేదు. స్విట్జర్లాండ్ డాక్టర్ బ్లాయిలర్ 1908లో గానీ ఆ పేరు పెట్టలేదు. పని చేసే తొలి మందు కోసం 1952 దాకా ఆగాల్సి వచ్చింది. ఇవాళ మీరు తోసుకెళ్ళే మందుల ట్రాలీలో ఒక్క అరలో ఉన్నన్ని మందులు అప్పుడు ప్రపంచం మొత్తం వెతికినా దొరికేవి కావు!

ఇంతకీ ఆ తొలి మందు క్లోర్‌ప్రొమజైన్ తాతముత్తాతలు ఎవరో తెలుసా? బట్టలకు వేసే రంగు! 1876లో తయారైన మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు ఎలా అల్లుకుని ఉందో తేల్చే పనిలో ఫినోథయజీన్ బయటపడింది. ఆ కుటుంబంలోనే 1950 డిసెంబరులో ఫ్రాన్సులో క్లోర్‌ప్రొమజైన్ పుట్టింది. ఆపరేషన్‌కు ముందు ఇచ్చి చూసిన సర్జన్ లాబొరీ, పేషెంట్లు మత్తులో పడకుండానే నిబ్బరంగా ఉండటం గమనించాడు. రెండేళ్ళలో పారిస్ మానసిక వార్డుల్లో అరుపులు తగ్గాయి. చీర అంచుకు అద్దాల్సిన నీలం మనసు మీద పనిచేసింది!

ఆగండి, ఆగండి. అంతకంటే 21 ఏళ్ళ ముందే ఆ పందెంలో మన దేశం ఉందని తెలుసా? 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఒక వ్యాసం ప్రచురించారు. రక్తపోటుకూ పిచ్చికీ కూడా పనిచేసే మొక్క ఉందని అందులో రాశారు. ఆ మొక్క సర్పగంధి. మన తూర్పు కనుమల్లోనూ పెరుగుతుంది. దాని వేరు నుంచే 1952లో రిసర్పిన్ తీశారు, 1954కల్లా అమెరికా ఆస్పత్రులు వాడేశాయి. మన పెరటి వేరు అంత దూరం వెళ్ళింది!

రిసర్పిన్ కథకు కొసమెరుపు తెలుసా? రక్తపోటుకు అది వాడిన కొందరు దిగులులో కూరుకుపోయారు. ఎందుకని తవ్వుతూ పోతే, మెదడు రసాయనాలు తగ్గితే మనసు కుంగుతుందా అన్న పరిశోధనకు దారి దొరికింది. సైడ్ ఎఫెక్టే సైన్సుకు ట్యూషన్ చెప్పింది!

ఇప్పుడు మీ ఫార్మకాలజీ పుస్తకంలో బాగా భయపెట్టే పేరు. లిథియం. బైపోలార్ డిజార్డర్‌కు ఇప్పటికీ పెద్దదిక్కు అదే. అది ఒకప్పుడు కూల్‌డ్రింకులో ఉండేదని తెలుసా? 1929లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన సెవెనప్‌లో లిథియం సిట్రేట్ కలిపేవారు. 1948 దాకా కలిపారు. గ్లాసు ఖాళీ చేసి ‘మనసు తేలికైంది’ అన్నవాళ్ళ మాటను ఇక కొట్టిపారేయకండి!

సీసాలోంచి లిథియం పోయిన మరుసటి ఏడాదే, 1949లో, ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ దాన్ని మానియాకు మందుగా చూపించాడు. ఆయన ప్రయోగశాల ఏదో తెలుసా? ఆస్పత్రిలో వాడకుండా వదిలేసిన వంటసామాన్ల గది! యుద్ధంలో జపాన్ సైన్యానికి చిక్కి సింగపూర్ చాంగీ శిబిరంలో మూడేళ్ళకు పైగా బందీగా ఉండి వచ్చిన మనిషి ఆయన. లిథియం ఎక్కించిన గినీపందులను వెల్లకిలా పడుకోబెడితే అవి గింజుకోకుండా ఆయన వంకే చూస్తూ ఉండిపోయాయట. పేషెంట్లకు ఇచ్చే ముందు తానే మింగి చూసుకున్నాడు. తర్వాత పది మందికి ఇచ్చాడు. పెద్ద ల్యాబు లేదు, గమనించే కన్ను ఉంది!

ఇక మల్కాపురం వాళ్ళు చెవులు రిక్కించాల్సిన చోటు ఇదే. లిథియం రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. 1.5 దాటితే విషం. మందుకూ విషానికీ మధ్య అంత సన్నటి గట్టు! ఆ గట్టును తెంపేది ఏమిటో తెలుసా? చెమట. మే నెల ఎండకు ఒంట్లో నీరూ ఉప్పూ కారిపోతే, కిడ్నీ కంగారుపడి ఉప్పును వెనక్కి లాక్కుంటుంది. దాంతోపాటు లిథియాన్నీ లాగేస్తుంది. మాత్రల లెక్క మారదు, రక్తంలో మోతాదు మాత్రం ఎక్కేస్తుంది!

మన ఉక్కు ఫ్యాక్టరీ బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు తెలుసుగా? గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. పేర్లు ఎంత చల్లగా ఉన్నా పక్కన నిలబడితే ఒళ్ళు ఉడికిపోతుంది. అందుకే లిథియం వాడే మనిషిని ‘ఏం పని చేస్తారండీ?’ అని అడగడం కాలక్షేపం కబురు కాదు, నర్సింగ్ అసెస్‌మెంటు! ‘బీపీ ఉంది కదా అని ఉప్పు పూర్తిగా మానేశానమ్మా’ అన్న మాట వినపడినా, మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కున్నానన్నా, పెన్ను కింద పెట్టి వెంటనే డాక్టరుకు చెప్పండి. చేతులు గట్టిగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడకలో తూలడం కనిపిస్తే తర్వాతి మాత్ర ఆపి ముందు కబురు పంపాలి. తూలే మనిషిని చూసి ‘తాగొచ్చాడు’ అనేసిన వార్డులో ఒక ప్రాణం జారిపోవచ్చు. ఇది నవ్వులాట కాదు.

లిథియం పరీక్షకు రక్తం ఎప్పుడు తీయాలో తెలుసా? ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకు. రాత్రి 9కి వేసుకుంటే ఉదయం 9కి. ఉదయం మాత్ర వేసేసి వెంటనే తీశారో, రిపోర్టు ఆకాశాన్ని అంటుతుంది. డాక్టరుగారు హడలిపోతారు, తప్పు మాత్రం గడియారానిది!

పోటీ పరీక్ష ప్రశ్న. డిప్రెషన్‌కు తొలి మాత్ర ఏ జబ్బు కోసం తయారైంది? క్షయ! 1952లో న్యూయార్క్ సీ వ్యూ ఆస్పత్రిలో ఐప్రోనయజిడ్ ఇచ్చిన టీబీ పేషెంట్లు వార్డులో నాట్యం చేయడం మొదలుపెట్టారు. ఊపిరితిత్తులు ఇంకా బాగుపడలేదు, హుషారు మాత్రం వచ్చేసింది. పక్కనే ఉండి చూసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అది మందైంది!

ఆ కుటుంబపు మందులకు పాత ఛీజ్ పరమ శత్రువని తెలుసా? పులిసి ముదిరిన ఛీజ్‌లోని టైరమిన్ ఒంట్లో విరగకుండా నిలిచిపోయి రక్తపోటును అమాంతం పెంచేస్తుంది. ఇంగ్లండులో ఒక ఫార్మసిస్టు ఆ రకం మందు వాడుతున్న తన భార్యకు ఛీజ్ తిన్నప్పుడల్లా తల పగిలిపోయేంత నొప్పి రావడం గమనించి 1963లో డాక్టర్లకు ఉత్తరం రాశాడు. భోజనాల బల్ల దగ్గర దొరికిన పరిశోధన!

వేలియం అక్క లిబ్రియం చెత్తబుట్టలోకి పోబోయి బతికిందని తెలుసా? 1957లో రోష్ కంపెనీలో స్టెర్న్‌బాక్ ల్యాబు శుభ్రం చేస్తుంటే ఒక మూలన పాత సీసా కనిపించింది. పారేసే ముందు ఒకసారి పరీక్షకు పంపుదామనుకున్నారు. 1960లో అది మందుల షాపుకెక్కింది, 1963లో చెల్లెలు వేలియం వచ్చింది. అమ్మ పాత డబ్బాలు పారేయొద్దంటే ఇకమీదట గొణగకండి!

ఇప్పుడు టైటిల్ దగ్గరికి వచ్చేద్దాం. కొన్ని వారాలకోసారి ఇచ్చే హలోపెరిడాల్ డెకనోయేట్, ఫ్లూఫెనజైన్ డెకనోయేట్ ఇంజెక్షన్లు దేంట్లో కరిగి ఉంటాయో తెలుసా? నువ్వుల నూనెలో! శనివారం శనీశ్వరుడికి పోసే నూనె సోదరుడే సిరంజిలో. ఫ్లూపెంథిక్సాల్ డెకనోయేట్‌కైతే కొబ్బరి నుంచి తీసిన పల్చటి నూనె. కండలో ఆ నూనె చుక్కగా నిలిచి, మందును వారాల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది. ఒక్క సూదితో వారాలు గడిచిపోతాయి!

అందుకే ఆ ఇంజెక్షన్ ముందు ‘నువ్వులు పడవా అమ్మా?’ అని అడగాలి. చర్మాన్ని ఒక పక్కకు లాగిపట్టి లోతుగా గుచ్చాలి. సూది తీశాక రుద్దకూడదు. ఫ్లూఫెనజైన్‌కైతే సూదీ సిరంజీ పొడిగా ఉండాలి, తడి తగిలితే మందు తెల్లగా మబ్బుపడుతుంది. పోపులో నీళ్ళు పడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా!

ఇక్కడ ఒక దృశ్యం చెప్పకుండా ముందుకు పోలేను. ఓ వార్డులో నా కళ్ళ ముందు జరిగింది. ఇరవై ఏళ్ళ కుర్రాడు. రెండు రోజుల కిందటే హలోపెరిడాల్ మొదలైంది. పొద్దున పాలు తాగుతూ ఉండగా మెడ కుడి పక్కకు మెలి తిరిగిపోయింది. కళ్ళు సీలింగు ఫ్యాను మీద నిలిచిపోయాయి. దవడ బిగుసుకుంది, పెదవి మూల నుంచి పాలు కారుతున్నాయి. ‘ఏటైపోనాదమ్మా నా బిడ్డకి!’ అని తల్లి గుండెలు బాదుకుంటోంది. పక్క మంచం ఆవిడ అప్పటికే కొంగు ముడి విప్పి నిమ్మకాయ తీసింది.

అప్పుడు మూడో ఏడాది చదివే ఒక అమ్మాయి ఏం చేసిందో తెలుసా? కేస్ షీటు తిరగేసి, ‘మేడమ్, డిస్టోనియా! మందు వల్లే!’ అని అరిచింది. డాక్టరు రాయగానే ప్రొమెథజైన్ ఇంజెక్షన్ పడింది. ఇరవై నిమిషాలకు మెడ నెమ్మదిగా సూటిగా వచ్చింది. కుర్రాడు అడిగిన మొదటి మాట: ‘అమ్మా, పాలు చల్లారిపోయాయా?’ నిమ్మకాయను తల్లి ఆ అమ్మాయి చేతిలో పెట్టి దండం పెట్టింది! వయసు తక్కువ మగపిల్లల్లో, మందు మొదలైన తొలి నాలుగైదు రోజుల్లో ఇది ఎక్కువ. పేషెంటుకు ముందే చెప్పి ఉంచితే ఆ భయం సగమయ్యేది. ఆ ఒక్క మాట ముందు రోజు ఎవరూ చెప్పలేదన్నదే నాకు ఇప్పటికీ బాధ.

అమ్మోరు పూనడం జబ్బా కాదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పుస్తకం ఏమంటుందో తెలుసా? జాతరలో, సంప్రదాయంలో భాగంగా, ఊరంతా ఒప్పుకున్న పూనకం జబ్బు కాదు! ఇష్టం లేకుండా వచ్చి, మనిషిని బాధపెట్టి, బతుకును చెడగొడితేనే అది రోగనిర్ధారణ దాకా వెళ్తుంది. పండగలో గరగ ఎత్తుకున్న పెద్దమ్మకు కేస్ షీటు తెరవకండి!

ఉత్తరాంధ్ర స్పెషల్ ప్రశ్న. అడ్డపొగకూ మానసిక మందుకూ సంబంధం ఏమిటి? మన తీరప్రాంత పల్లెల్లో కొందరు స్త్రీలు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగుతారని మీకు తెలుసు. పొగాకు పొగలోని కొన్ని పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమును రెచ్చగొట్టి, క్లోజపిన్‌నూ ఒలాంజపిన్‌నూ త్వరత్వరగా కరిగించేస్తాయి. అందుకే పొగ తాగేవారికి మోతాదు ఎక్కువ పడుతుంది. సరే, అదే మనిషి వార్డులో చేరి చుట్ట మానేస్తే? అదే మాత్ర, అదే మోతాదు, రక్తంలో మందు పైకి ఎగబాకుతుంది! మత్తు పెరిగిందని కంగారుపడేముందు ‘చుట్ట ఎప్పుడు మానేశావు బామ్మా?’ అని అడగండి. ఈ పని చేసేది పొగ, నికోటిన్ కాదు. నికోటిన్ గమ్ నమిలినా ఎంజైము మళ్ళీ లేవదు. చుట్ట కూడా మందుల చార్టులో ఉండాల్సిందే!

క్లోజపిన్ అనగానే సైకియాట్రీ నర్సు ఏ మాటకు ఉలిక్కిపడుతుందో తెలుసా? ‘సిస్టర్, గొంతు నొప్పిగా ఉంది.’ ఈ మందు కొద్దిమందిలో తెల్ల రక్తకణాలను అమాంతం తగ్గించేస్తుంది. 1975లో ఫిన్లాండులో ఇలా మరణాలు జరగడంతో చాలా దేశాలు దీన్ని పక్కన పెట్టేశాయి. తర్వాత వేరే మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు దీన్ని మించింది లేదని తేలి, 1989లో అమెరికా అనుమతితో తిరిగొచ్చింది. ఒక్కటే షరతు, రక్తపరీక్షలు తప్పకూడదు. దీనితో వచ్చే మలబద్ధకం కూడా ప్రాణం తీయగలదని గుర్తుంచుకోండి. ‘విరేచనం అయిందా?’ అన్నది ఇక్కడ ప్రాణం కాపాడే ప్రశ్న!

మీకు తెలుసా? ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతం మెదడులో కాదు, పేగుల్లో ఉంటుంది! ‘కడుపులో ఏదో దిగులుగా ఉంది’ అనే మన అమ్మమ్మల మాటను కొట్టిపారేయకండి.

డిప్రెషన్ మాత్ర వేసుకున్న సాయంత్రానికే దిగులు పోతుందనుకుంటున్నారా? రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఓసీడీకైతే ఎనిమిది నుంచి పన్నెండు వారాలు కూడా. ‘పది రోజులు వేశా, ఏం లేదు’ అని మానేసే వాళ్ళే ఎక్కువ. ఇంకో సంగతి, మనసు తేలికపడకముందే ఒంట్లోకి ఓపిక వచ్చేస్తుంది. నిన్నటి దాకా మంచం దిగని మనిషి ఇవాళ చకచకా తిరుగుతుంటే ఇంటివాళ్ళు సంబరపడతారు. చనిపోవాలన్న ఆలోచన మిగిలి ఉంటే, దానికి ఇప్పుడు కాళ్ళొచ్చాయి. నర్సు కన్ను ఆ వారాల్లోనే ఎక్కువ తెరిచి ఉండాలి!

మాత్రను నాలుక కింద దాచే విద్య ఎంత పాతదో తెలుసా? మాత్రలు పుట్టినప్పటిది! నీళ్ళు తాగించి, ‘నాలుక పైకెత్తండి, బుగ్గ చూపించండి’ అని అడగాలి. దాచినవాడిని దొంగను పట్టినట్టు పట్టుకోకండి. ఎందుకు దాచాడో అడగండి. ‘వేసుకుంటే రోజంతా కూరుకుపోతున్నా సిస్టర్’ అంటాడు. మీరు దొరకబుచ్చుకోవాల్సింది ఆ మాటనే!

చరిత్రలోకి ఒక గెంతు. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ ఎక్కడ చూశాడో తెలుసా? మన సికింద్రాబాద్‌లో! సరిగ్గా ముప్పై ఏళ్ళ తర్వాత, 1927లో, వియన్నా సైకియాట్రిస్టు వాగ్నర్-యౌరెగ్ నోబెల్ అందుకున్నాడు. ఎందుకు? మెదడుకెక్కిన సిఫిలిస్ ఉన్నవారికి కావాలని మలేరియా ఎక్కించినందుకు! ఆ జ్వరం వేడికి రోగం తగ్గుతుందని. ఒకరికి దోమలో మలేరియాను కనిపెట్టినందుకు నోబెల్, ఒకరికి అంటించినందుకు!

కరెంటు షాకు గురించి సినిమాలు చూపించేదంతా మర్చిపోండి. 1938లో రోములో మొదలైన ఈసీటీని ఇవాళ మత్తు, కండరాలు వదులయ్యే మందు లేకుండా ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. పేషెంటు గాఢనిద్రలో ఉంటాడు. విలవిల్లాడటం అన్నదే ఉండదు!

అదే చట్టంలో ఇంకేముందో తెలుసా? మనిషిని ఏ రకంగానూ గొలుసుతో కట్టకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గుడిసెకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పరుగెత్తలేక కాలిపోయారు. ఈ పేరాకు జోకు లేదు.

2018 మే 29న అమల్లోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం, ‘నాకు జబ్బు ముదిరితే ఈ వైద్యం చేయండి, ఇది చేయకండి’ అని ఎవరైనా ముందే రాసి పెట్టుకోవచ్చు. ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే చట్టం భావిస్తుంది, శిక్షించదు. క్యాజువాలిటీలో ‘పోలీసు కేసవుతుందా సిస్టర్?’ అని వణికే తల్లిదండ్రులకు ఈ మాట చెప్పడం కూడా వైద్యమే!

పోర్టు సిటీ ప్రశ్న. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి, ఊరు ఖాళీ అయిపోయింది. ఆ రాత్రుల్లో ఉలిక్కిపడి లేచినవారి జబ్బుకు ‘పీటీఎస్‌డీ’ అన్న పేరు ఎప్పుడు దొరికిందో తెలుసా? 1980లో. 38 ఏళ్ళు ఆలస్యం! ఆ పేరు వచ్చాక, 1997 సెప్టెంబరు 14న తెల్లవారుజామున మన మల్కాపురం పక్కనే రిఫైనరీలో పేలుడు జరిగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఇప్పటికీ సైరన్ మోగినా, గాలి ఈల వేసినా గుండె దడదడలాడే పెద్దవాళ్ళు మీ వీధిలోనే ఉండొచ్చు. ‘అప్పుడు మీరెక్కడున్నారు బాబాయ్?’ అని అడిగి చూడండి!

ఆ పీడకలలకు వాడే ప్రజోసిన్ అసలు ఏ మందో తెలుసా? రక్తపోటు మాత్ర! దాన్నే మహారాష్ట్రలో డాక్టర్ బవస్కర్ ఎర్రతేలు కాటుకు వాడి ఎందరి ప్రాణాలో నిలిపారు. బీపీ, తేలు, పీడకల. ఒక మాత్రకు మూడు ఉద్యోగాలు! మొదటి మోతాదుకు కళ్ళు తిరిగి పడిపోవచ్చు, పడుకునే ముందే ఇవ్వండి.

తాగుడు మాన్పించే డైసల్ఫిరం ఎక్కడ బయటపడిందో చెప్పండి చూద్దాం! ఆస్పత్రిలో కాదు, ఫ్యాక్టరీలో. 1937లో అమెరికాలో రబ్బరు పరిశ్రమ డాక్టరు ఒకరు, ఈ రసాయనం తగిలే కార్మికులు మందు తాగలేకపోతున్నారని రాశాడు. షిఫ్టు దిగాక చుక్క వేసుకోబోతే మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతి! కార్మికుల వాడ నుంచి వచ్చే మీకు ఈ కథ బాగా అర్థమవుతుంది.

కానీ ఒక్క మాట, గట్టిగా. భర్తకు తెలియకుండా సాంబారులో డైసల్ఫిరం కలిపే ఇల్లాళ్ళున్నారు. వాళ్ళ కష్టం నాకు తెలుసు, వాళ్ళ మీద కోపం లేదు. కానీ తెలియక పూటుగా తాగినవాడి రక్తపోటు కుప్పకూలి ప్రాణం పోవచ్చు. ఆఖరి మాత్ర తర్వాత రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. దగ్గు సిరప్పులోని ఆల్కహాలు కూడా చాలు. ఆవిణ్ణి పక్కకు పిలిచి, తిట్టకుండా చెప్పండి!

తాగుడు మానిన రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య ఏమవుతుందో తెలుసా? కాలు విరిగి ఆర్థోలో చేరిన మనిషి మూడో రాత్రి గోడ మీద పురుగులున్నాయని దులుపుతాడు. దెయ్యం కాదు, డెలీరియం ట్రెమెన్స్! గ్లూకోజు పెట్టేముందు థయమిన్ పడాలి. ఆ థయమిన్‌కు మన తీరంతో పాత చుట్టరికం ఉంది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తిని ఉత్తర సర్కారు జిల్లాలు ఒకప్పుడు బెరిబెరితో అల్లాడాయి. తవుడుతో పోయిన విటమినే అది!

మీకు తెలుసా? మన విశాఖ ప్లీడరు రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘సారా కథలు’ రాయడమే కాదు, ఆత్మన్యూనత మనిషిని లోపల్నుంచి ఎలా తొలిచేస్తుందో ‘అల్పజీవి’ నవలంతా చూపించారు. పోస్టింగుకు ముందు ఆ నవల హీరో సుబ్బయ్యను పలకరించండి. కేస్ హిస్టరీ రాయడం దానంతటదే వచ్చేస్తుంది!

ఇంకో తెలుగువాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనను నడిపిన లెడర్లీ సంస్థలోనే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. సైకియాట్రీ వార్డులో అది ఎందుకంటారా? వాల్‌ప్రోయేట్ వాడే స్త్రీ గర్భం దాలిస్తే బిడ్డ వెన్నుపాము సరిగా మూసుకోకపోవచ్చు. ఫోలిక్ ఆమ్లం ఇచ్చేది అలాంటి లోపాల ముప్పు తగ్గించడానికే. ఆ మూసుకోవడం గర్భం నిలిచిన 28 రోజుల్లోనే అయిపోతుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు! అందుకే పెళ్ళీడు అమ్మాయి చీటీలో వాల్‌ప్రోయేట్ కనిపిస్తే డాక్టరును ఒకటికి రెండుసార్లు అడగండి.

బాలింతల సంగతి. కాన్పు తర్వాత మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం సగం మందికి పైగా ఉంటుంది, రెండు వారాల్లో పోతుంది. వెయ్యి మందిలో ఒకరిద్దరికి మాత్రం ప్రసవానంతర సైకోసిస్ వస్తుంది. బిడ్డను చూసి ‘ఇది నా బిడ్డ కాదు’ అంటే అది ఎమర్జెన్సీ. కాన్పు పథ్యంతో, ఇంగువతో తగ్గదు!

నర్సుల రికార్డు ఒకటి వినండి. సైకియాట్రిక్ నర్సింగ్‌కు తల్లివేరు లాంటి పుస్తకం రాసిన హిల్డెగార్డ్ పెప్లావ్ 1948కే దాన్ని పూర్తిచేసింది. అచ్చయింది ఎప్పుడో తెలుసా? 1952లో! డాక్టరు పేరు పక్కన లేకుండా నర్సు ఒక్కతే పుస్తకం రాయడమా అని నాలుగేళ్ళు ఆపారు. ఇప్పుడు ఆ డాక్టర్లూ చదువుతున్నారు!

అంకెల ప్రియులకు ఒకటి. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక జబ్బు ఉందని తేలింది. పది మందిలో ఒకరు! కిక్కిరిసిన మీ బస్సులోనే కొందరున్నారన్నమాట. ఇంకా విడ్డూరం, సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు!

పేషెంటు ‘గోడలోంచి నన్ను తిడుతున్నారు సిస్టర్’ అంటే ఏమనాలో తెలుసా? ‘అవును, నాకూ వినపడుతోంది’ అనకూడదు. ‘అదంతా నీ భ్రమ’ అనీ అనకూడదు. ‘నాకు వినపడట్లేదు బాబూ. కానీ నీకు భయంగా ఉందని తెలుస్తోంది. కాసేపు ఇక్కడే కూర్చుంటా.’ మూడు చిన్న వాక్యాలు. మోతాదు అక్కర్లేదు, సైడ్ ఎఫెక్టు లేదు!

బస్సు చినవాల్తేరు దగ్గరికి వచ్చేసింది. ఆఖరి ప్రశ్న. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందా? అవదు! అడగడం వల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగించుకున్న మనిషి చాలాసార్లు ఊపిరి పీల్చుకుంటాడు. కళ్ళలోకి చూసి, గొంతు తగ్గించి, ‘బతకాలని లేదనిపిస్తోందా అక్కా?’ అని అడగండి. ‘అవును’ అంటే ఒంటరిగా వదలకుండా అక్కడే ఉండి పెద్ద సిస్టర్‌ను పిలవండి.

వార్డు బయట, ఇంట్లో, హాస్టల్లో అయితే 14416. టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండింటికీ ఎత్తుతారు. నైట్ డ్యూటీలో ఒక మరణాన్ని చూసి బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చే నర్సింగ్ విద్యార్థిని కూడా చేయొచ్చు. ఆ నంబరు ఇప్పుడే ఫోనులో ఎక్కించుకోండి, దిగేది ఈ స్టాపులోనే!